యాదలక్ష్మికి తెలిసిన పరిగె

మా బైబిలు అనువాద కమిటీలో డాక్టరేట్ చేసినవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళ తెలుగు మామూలు జనానికి అర్థమవుతుందో లేదో చూడటానికి, బైబిలు ఎన్నడూ చదవని మనిషి కావలసి వచ్చింది. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి కొత్తపేట రైతుబజారులో ఆకుకూరలమ్మే యాదలక్ష్మి దొరికింది. ప్రతి బుధవారం చైతన్యపురిలోని మా ఆఫీసుకు వస్తుంది. టైపిస్టునైన నేను వాక్యం చదువుతాను. ఆమె తనకేం అర్థమైందో చెబుతుంది. డాక్టర్లు నొచ్చుకుంటారు.

మొన్నటి వాక్యం ఇది: "కోత అనంతరం క్షేత్రంలో శేషించిన ధాన్యాన్ని సేకరించుకునే అవకాశం నిరుపేదలకు కల్పించవలెను." మా వాళ్ళ లెక్కలో ఇది వాడుక భాష.

"గిది గవర్నమెంటు స్కీమా సార్?" అని అడిగింది యాదలక్ష్మి.

చేను అంచుల దాకా కోయకూడదనీ, రాలిన వెన్నులు బీదవాళ్ళకు వదిలేయాలనీ నేనే విడమరిచి చెప్పాను.

"పరిగె ఏరుకునుడా? చిన్నప్పుడు మా అమ్మెంట పోయి నేను గూడ ఏరిన."

పాత బైబిల్లో ఉన్న మాటే అది. ఈ కాలంలో ఎవరికీ తెలియదని నెల రోజులు చర్చించి మరీ కొట్టేసిన ఘనత మా ముగ్గురు డాక్టర్లది.

పెద్ద డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "అయితే ఫారంలో 'అర్థమైంది' అని రాసుకోమంటావా అమ్మా?"

"రాసుకోండ్రి సార్. ఏరుకునేటోళ్లు నాకెరుకే. కావాల్నని అంచు కొయ్యకుండ ఇడిసిపెట్టిన ఆసామినే ఎన్నడు సూడలే."