మాటియ్యని ముత్యం

కరీంనగర్ల పాత కార్లు అమ్మే ముత్యం, తన దుకాణంల ఉన్న బండిని ఒక్క మాటతోని గూడ మెచ్చుకోడు. గిరాకి వస్తే తువ్వాలతోని అద్దం తుడుస్తడు, బానెట్ లేపుతడు, పక్కకు జరిగి వక్క నములుతడు. "ఇంజన్ మంచిదేనా సేటూ?" అంటే, "నీ ముంగటనే ఉన్నది, చూసుకో" అంటడు. నిజాం సర్కారు పోయిన కొత్తల ఒకాయనకు "ఫికర్ చెయ్యకు, రాయి లెక్క గట్టిగున్నది" అని చెప్పి బండి అమ్మిండు. అది వారానికే ఆగిపోతే, కోర్టుల జడ్జి ఆ మాటనే గ్యారంటీ కింద పట్టి బండి వాపసు తీసుకొమ్మన్నడు. అప్పటిసంది ముత్యం నోట్లె వక్కనే ఉంటది గని భరోసా ఉండదు.

మొన్న హుస్నాబాద్ దశరథం టాక్సీ నడుపుదామని ఒక నల్ల కారు బేరం చేసి, తాళంచెయ్యి అందుకున్నడు. ఎంబడి వచ్చిన వాళ్లవ్వ కొమురవ్వకు కార్ల సంగతేం తెల్వదు. సంబురంగ ముత్యంతోని, "బిడ్డా, మొదటి సవారి నీదే. నీ పెండ్లాం పిల్లలను గీ కార్లనే ఎక్కించుకొని మా ఇంటికి రా, బువ్వ తిని పోదురు" అన్నది.

ముత్యం నమలుడు ఆపిండు. కారు దిక్కు చూసిండు, ముసలామె దిక్కు చూసిండు. వక్క ఉమ్మేసి, దశరథం చేతిలకెళ్లి తాళంచెయ్యి మెల్లగ వాపసు తీసుకున్నడు.

"జర రెండ్రోజులు ఆగవ్వా," అన్నడు. "బ్రేకులు బాగు చేయిస్త."