పెరటి గదిలో నలభై రెండు సీసాలు

ఆయన హైస్కూల్లో ముప్పై ఏళ్లు ల్యాబ్ అటెండరుగా చేశాడు. వీధి మొత్తానికీ సీసాల మావయ్య. స్కూలు మూసేసిన రోజు హెడ్మాస్టరు, "ఆ యాసిడ్లన్నీ కాలవలో గుమ్మరించి తాళం ఇచ్చెయ్" అన్నాడు. కాలవ పక్కనే బావి ఉంది. మావయ్యకి మనసొప్పలేదు. నలభై రెండు సీసాలూ రంపప్పొట్టులో సర్దుకుని ఇంటికి తెచ్చి, పెరటి గదిలో పెట్టాడు.

"నాలుగు రోజులే. ఎవరో ఒకరు తీసుకెళ్తారు" అని భార్యకి చెప్పాడు. పదకొండేళ్లు గడిచాయి.

మొదట్లో సరదాగానే ఉండేది. గదిలో బల్ల వేశాడు, బీకర్లు కడిగి పెట్టాడు. "మా బోరు నీళ్లు ఒకసారి చూసిపెట్టండి మావయ్యా" అంటూ ఎవరో ఒకరు చెంబుతో వచ్చేవారు. ఆ ముచ్చట ఒక్క ఎండాకాలంతో తీరిపోయింది. నైట్రిక్ యాసిడ్ సీసా రబ్బరు బిరడా మెత్తబడి బంకలా సాగింది. ఆ ఆవిరికి ఇనప అలమర తలుపు తుప్పు పట్టి చిల్లులు పడింది. అప్పట్నించీ పొద్దున లేవగానే చేతికి తొడుగులేసుకుని ప్రతి మూతా తడిమి చూడటమే పని. గాజు బిరడాల చుట్టూ మైనం పోసేవాడు, మరలున్న మూతలకి తెల్ల టేపు చుట్టేవాడు. అమోనియా ఒక మూల, హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఇంకో మూల. ఆ రెంటి ఆవిర్లూ కలిస్తే గదంతా తెల్లటి పొగే. సొంత తమ్ముడు పోయినప్పుడు కూడా పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేశాడు.

"నాకు నలభై ఇద్దరు సవతులు" అని ఆవిడ నవ్వుతూనే అనేది. కొన్నాళ్లకి ఆ నవ్వూ పోయింది.

ఈ వేసవిలో ఆవిడ అక్కకి మోకాలి ఆపరేషనైంది.

"అయిదు రోజులండీ. ఈసారి మీరు రాకపోతే నేను మళ్లీ అడగను" అంది.

ఆ గొంతు విని మావయ్య ఒప్పుకున్నాడు. రెండు రోజులు కూర్చుని ఒక్క మూత వదలకుండా బిగించి టేపు చుట్టాడు. ఇద్దరూ బస్సెక్కారు. గంట ప్రయాణం అయ్యాక ఆయనకి ఒక సంగతి గుర్తొచ్చింది.

"పెరాక్సైడ్ డబ్బా మూతకి చిన్న బెజ్జం ఉంటుంది. దానిమీద కూడా టేపు వేసేశాను."

"వేస్తే?"

"లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుంది. బయటికి దారి లేకపోతే డబ్బా పగులుద్ది. పక్కనే యాసిడ్లు."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "దిగండి. నేను వెళ్తాను" అంది.

ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ప్లాస్టిక్ డబ్బా పొట్ట ఉబ్బి ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని, తడిగుడ్డ కప్పి, మొహం పక్కకి తిప్పుకుని, వెంట్రుకవాసి చొప్పున మూత వదులు చేశాడు. డబ్బా బుస్సుమంది. ఆయన నేలమీదే చతికిలపడ్డాడు.

సాయంత్రం ఆవిడ ఫోన్ చేసింది. "ఏమైంది?"

"ఏం కాలేదు."

"అయితే బయల్దేరండి."

ఆయన తక్కిన సీసాల వంక చూశాడు. వాటిలో ఇంకెక్కడ పొరపాటు చేశాడో! "నువ్వు ఉండి రా" అన్నాడు.

"అలాగే. రెండు నెలలుంటాను." ఆ మాటలో కోపం లేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

రసాయనాల చెత్త తీసుకెళ్లేవాళ్లకి ఉత్తరం రాశాడు. ముసుగేసుకుని ఒకతను వచ్చాడు. పెరాక్సైడ్ డబ్బాతో కలిపి తొమ్మిది తీసుకెళ్లాడు. "మిగతావాటి మీద రాత చెరిగిపోయింది. ఏముందో తెలీనివి మేం ముట్టుకోం."

"నాకు తెలుసు బాబూ. ఏది ఏదో నేను చెప్తాను."

"మీరు చెప్తే చాలదండీ. కాయితం ఉండాలి."

స్కూలే లేనప్పుడు కాయితం ఎవరిస్తారు? మావయ్య గేటు వేసుకుని లోపలికి వచ్చేశాడు.

ఆవిడ రోజూ ఫోన్ చేస్తుంది. ఎప్పుడొస్తారని అడగడం మానేసింది. వేళకి తిన్నారా అని మటుకు అడుగుతుంది. తిన్నానంటాడు.