కాలు తగిలిన పులిజూదం

ఈ ఆదివారం కోల్‌కతాలో మా భోజనాల బల్ల మీద మనవడూ వాడి స్నేహితుడూ రంగులేసిన బుల్లి సైనికులతో యుద్ధం ఆడుతున్నారు. ఓడిపోతున్నానని తెలియగానే మనవడు సైన్యాన్నంతా చేత్తో ఊడ్చేశాడు.

"ఎక్కడివక్కడ పెట్టి, ఆట ముగించి లే" అన్నాను.

"ఎలా గుర్తుంటాయి అమ్మమ్మా?"

గుర్తుంటాయి. ఈ ఊరి పక్కనే లిలువా రైల్వే క్వార్టర్లలో నాతో పెరిగినవాళ్ళారా, ఎర్ర సిమెంటు వరండా మీద సుద్దముక్కతో గీసుకున్న పులిజూదం మీరూ మరిచిపోయి ఉండరు. చింతగింజలు మేకలు, ఇటుక ముక్కలు పులులు. మా ఇంట్లో పులులు నాన్నగారివి. అమ్మ మేకలతో దారులన్నీ మూసేసరికి ఆయన కాలు సరిగ్గా గీతల మీదికి జారేది.

"అరెరె, తగిలిపోయింది. మళ్ళీ మొదట్నుంచి ఆడదాం."

ఒక ఆదివారం అమ్మ ఒప్పుకోలేదు. "ఈ ఆట తేలకపోతే ఇంక మీతో ఆడను" అని గింజలు ఒక్కొక్కటే తిరిగి పేర్చింది.

"ఈ మేక ఇక్కడే ఉందని ఏటి రుజువు?"

"నేనది పెట్టగానే మీరు దగ్గారు కదండీ."

పిల్లలం నవ్వు ఆపుకోలేకపోయాం. వారమంతా వర్క్‌షాపులో ఇనుముతో కుస్తీ పట్టే ఆయనకి అమ్మతో ఆడే ఆ ఆట ఒక్కటే సరదా. చాలాసేపు దారి వెతికి, చివరికి తలెత్తారు.

"కట్టేశావే. ఓడిపోయాను. వచ్చే ఆదివారం ఆడతావా మరి?"

"ఆడకేం" అంది అమ్మ, గింజలు కొంగులో వేసుకుంటూ.

ఆ తరవాత నాన్నగారు చాలాసార్లు ఓడిపోయారు. ఒక్క ఆటా మధ్యలో చెడలేదు.