గులాబీల తల్లికి ఇచ్చిన పిల్ల

సిస్టరమ్మ పోయారని పొద్దున్నే కాన్వెంటు నుంచి ఫోన్ వచ్చింది. "దీదీ, బడీ సిస్టర్ నహీఁ రహీఁ" అంది అవతల ఎవరో చిన్న సిస్టరు. పెద్ద సిస్టరు ఇక లేరట. నిద్రలోనే పోయారట. ఫోన్ పెట్టేశాక నేను స్టవ్ మీద పాలు పొంగుతున్నా చూస్తూ నిలబడ్డాను. మా అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని టీ తాగుతోంది. ఎనభై మూడేళ్ల మనిషి, చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి. సంగతి చెప్పాను. గ్లాసు కింద పెట్టి ఒక్క మాట అడిగింది.

"మరి నీ సంగతేటి?"

నాకు అరవై ఏళ్లు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను, మనవడు కూడా ఉన్నాడు. ఈ వయసులో నా సంగతేమిటి అని అడిగితే ఎవరైనా నవ్వుతారు. కానీ మా అమ్మ అడగాల్సిన ప్రశ్నే అది. నా తొమ్మిదో ఏట మా అమ్మ నన్ను మొక్కుగా తీసుకెళ్లి ఆ సిస్టరమ్మ చేతుల్లో పెట్టింది. ఇచ్చిన పిల్లను ఆవిడ ఎన్నడూ తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు ఆవిడే లేరు.

మా వాళ్లది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. మా తాత వలలు మూట కట్టుకుని ఓడెక్కి ఈ దీవులకు వచ్చాడు. నేను పుట్టేనాటికి మేం డిగ్నాబాద్ అనే పేటలో రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. సిస్టరమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చారు. కాన్వెంటు వరండాలో పొద్దున మందులిచ్చేవారు, మధ్యాహ్నం పిల్లలకు చదువు చెప్పేవారు, సాయంత్రం గొడుగు పట్టుకుని గుట్ట దిగి బాలింతలను చూసి వచ్చేవారు. ఆవిడ తెలుగు మాకు రేడియోలో తెలుగులా వినిపించేది. హిందీ మాత్రం దేవుడికే తెలియాలి. ఆవిడ హిందీలో మగవాళ్లంతా ఆడవాళ్లయిపోయేవారు. పోలీసు ఇన్‌స్పెక్టరును కూడా "ఆప్ కబ్ ఆయీ?" అని, ఎప్పుడొచ్చారని ఆడమనిషిని అడిగినట్టు పలకరిస్తే ఆయన టోపీ తీసి "అభీ ఆయీ, సిస్టర్" అన్నాడని మా నాన్న చెప్పి చెప్పి నవ్వేవాడు.

వరండా చివర ఒక బొమ్మ ఉండేది. గోధుమరంగు మఠం బట్టలు, చేతుల్లో సిలువ, సిలువ చుట్టూ గులాబీలు. ఆ పునీతురాలి పేరు ఫ్రాన్సు దేశపు పేరు, మా ఆడవాళ్లకు నోరు తిరగలేదు. గులాబీల తల్లి అన్నారు. సిస్టరమ్మ దిద్దబోయి, నాలుగు రోజులకు తనే అలా అనడం మొదలుపెట్టారు.

చేపలమ్మి ఖాళీ గంపలతో తిరిగొచ్చే ఆడవాళ్లు ఆ వరండాలో కాసేపు చల్లబడేవాళ్లు. మందుల సీసాలు తుడుస్తూ సిస్టరమ్మ ఆ తల్లి కథ చెప్పేవారు. గొప్ప మహిమలేమీ ఉండేవి కావు. పదిహేనేళ్లకు మఠంలో చేరింది, ఇరవై నాలుగేళ్లకు ఛాతీ జబ్బుతో పోయింది, చేరాక ఆ గోడలు దాటి బయటికే రాలేదు. బట్టలుతికే చోట ఎదురుగా నిలబడ్డ సిస్టరు జాడించినప్పుడల్లా మురికినీళ్లు మొహాన పడుతుంటే, పక్కకు జరగకుండా అక్కడే నిలబడడం నేర్చుకుంది. ఎలా పట్టుకున్నా సణిగే ఒక ముసలి సిస్టరును రోజూ చెయ్యి పట్టుకుని భోజనానికి నడిపించింది. మా అమ్మకు ఆ బట్టల కథ మహా ఇష్టం.

"అయితే మనలాటి మనిషే కదా," అనేది. "కుళాయికాడ నాను రోజూ పడతన్నదే. నాను మాత్తరం తిరిగి తిడతాను."

"ఆవిడకూ తిట్టాలనే అనిపించిందమ్మా. అదే కథ," అనేవారు సిస్టరమ్మ.

ఆ తల్లి సముద్రం దాటి దూరదేశంలో పనిచేయాలని ఆశపడిందట, జబ్బు పోనివ్వలేదట. "ఆవిడ బదులు నేను దాటాను. మూడు రోజులూ వాంతులే," అని చెప్పి సిస్టరమ్మ ఒకసారి నవ్వారు. అంతకు మించి తన గురించి చెప్పుకోగా వినలేదు.

నా తొమ్మిదో ఏట మా నాన్న, మరో ఇద్దరూ పడవ మీద వెళ్లి తిరిగి రాలేదు. మా ఒడ్డున అలాంటప్పుడు గంగమ్మకు మొక్కుతారు. మొదటి రోజు మా అమ్మ కోడిని మొక్కింది. రెండో రోజు మేకను మొక్కింది. మూడో రోజు చెవుల కమ్మలు. నాలుగో రోజుకి మొక్కడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు, ఆడపిల్లను నేను తప్ప. కాన్వెంటు వరండాకు వెళ్లి ఆ బొమ్మ ముందు నిలబడి, "నా మనిసినిచ్చీ తల్లీ, నా పిల్లని నీకిచ్చీస్తాను," అంది. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట విన్నాను.

ఐదో రోజు దీవుల మధ్య తిరిగే ఓడ ఒకటి వాళ్లను తీసుకొచ్చింది. తెరచాప కొయ్య విరిగి, పడవ కొట్టుకుపోయి, మనుషుల్లేని ఒక దీవి ఒడ్డున పడి ఉన్నారట. మా నాన్న పెదవులు పగిలి మాట్లాడలేకపోయాడు. వాడంతా పండగ చేసుకుంటుంటే నేను ఒక్కదాన్నే మంచం కింద దాక్కున్నాను. మా నాన్న బతికొచ్చినందుకు సంతోషించాలో, నన్ను ఇచ్చేస్తారని ఏడవాలో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున తలంటి, కొత్త గౌను వేసి, పువ్వులు పెట్టి, మా అమ్మ నన్ను గుట్ట ఎక్కించింది. ఏడుస్తూనే ఎక్కించింది. సిస్టరమ్మ అప్పుడే బట్టలారేస్తున్నారు.

"ఇదుగో అమ్మా, మొక్కు. మీరుంచీసుకోండి," అని నా చెయ్యి తీసి ఆవిడ తడిచేతిలో పెట్టింది.

సిస్టరమ్మకు విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అప్పుడు ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, నా మొహానికి తన మొహం దగ్గరగా తెచ్చి, "నువ్వు అడిగావా?" అన్నారు.

లేదని తల ఊపాను.

ఇలాంటి మొక్కులు చెల్లవని చెప్పి ఆవిడ మమ్మల్ని పంపేయవచ్చు. పద్ధతి ప్రకారం అదే సరైనది. కానీ అలా పంపితే మా నాన్న మళ్లీ సముద్రం మీదికి వెళ్లిన ప్రతిరోజూ మా అమ్మ ఇంట్లో చచ్చిపోయేది. ఇవ్వని మొక్కుకు గులాబీల తల్లి మనిషిని వెనక్కి తీసుకుంటుందని మా అమ్మ నమ్మకం. సిస్టరమ్మ కాసేపు ఆ బొమ్మ వైపు చూశారు. తర్వాత లేచి నిలబడ్డారు.

"సరే, నా దగ్గర పెట్టావు కదా. ఇక నా మాట విను. ఈ పిల్లను మీ ఇంట్లోనే ఉంచి పెంచు. రోజూ బడికి పంపు. బడి వేళ నెత్తిన గంప పెట్టకు. అన్నం మగపిల్లలతో సమానంగా పెట్టు. నన్ను అడగకుండా ఎవరికీ ఇచ్చి పెళ్లి చేయకు."

"మరి తల్లికి కోపం రాదా?"

"అన్నం పెట్టకపోతే వస్తుంది."

ఆ తర్వాత మా ఇంట్లో నా బతుకే మారిపోయింది. నా తమ్ముళ్లకు చేప తోక వస్తే నాకు నడిముక్క వచ్చేది. పరాయివాళ్ల సొత్తును చూసినట్టు చూసేది మా అమ్మ నన్ను. జ్వరం వస్తే గుట్ట మీదికి కబురు పంపేది. నేను బడి ఎగ్గొడితే కొట్టేది కాదు, "సిస్టరమ్మకి నానేటి సెప్పుకోవాల?" అని ఏడ్చేది. దెబ్బలే నయమనిపించేది.

నా పదిహేనో ఏట మా మేనత్త కొడుక్కి నన్నిచ్చి చేయాలని మా నాన్న మాట ఇచ్చేశాడు. నాకు ఇష్టం లేదు. నోరు విప్పే ధైర్యమూ లేదు. మా అమ్మ మాత్రం, "పిల్ల మనది కాదు, అడగాల," అని కూర్చుంది. మా నాన్న కోపంతో గుట్ట ఎక్కాడు. వెనకాలే మేమిద్దరం పరిగెత్తాం.

"నా కూతురి పెల్లి ఆపడానికి మీరెవులమ్మా?" అన్నాడు.

సిస్టరమ్మ ఆయనకు కుర్చీ వేశారు. మంచినీళ్లిచ్చారు. అప్పుడు చెప్పారు. "ఈ గులాబీల తల్లి కూడా మీ అమ్మాయి వయసులోనే మఠంలో చేరతానంది. పెద్దలంతా వద్దన్నారు. రోము దాకా వెళ్లి, మాట్లాడొద్దన్నా వినకుండా, పోపుగారి ముందు మోకరించి అడిగింది. లేవనంటే ఇద్దరు భటులు ఎత్తి బయటపెట్టారు. ఆ తర్వాతా అడిగింది. ఆవిడను ఎవరూ ఇవ్వలేదు బాబూ, తనే వచ్చింది. మీ అమ్మాయి అందులో పదోవంతు గట్టిగా ఈ పెళ్లి అడగనీ, నేనే దగ్గరుండి చేయిస్తాను. అడిగిందా?"

మా నాన్న నా వైపు తిరిగాడు. పుట్టాక మొదటిసారి ఏం కావాలో చెప్పమన్నట్టు నన్ను చూశాడు. "చదువుకుంటాను," అన్నాను. ఆయన నీళ్లు తాగేసి, గ్లాసు కడిగి బోర్లించి, "చలో," అన్నాడు. ఆ పెళ్లి మాట మళ్లీ ఎత్తలేదు.

పంతొమ్మిదేళ్లకు నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. అప్పుడు నాకొక పిచ్చి పట్టింది. ఇంత చేసిన మనిషికి నేనేమివ్వగలను, మా అమ్మ మొక్కు నేనే తీరుస్తాను, మఠంలో చేరిపోతాను అని వెళ్లి చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ చేస్తున్న ఇస్త్రీ ఆపలేదు.

"రుణం తీర్చుకోవడానికి వచ్చేవాళ్లకు ఇక్కడ మంచం లేదు," అన్నారు.

తర్వాత ఇస్త్రీపెట్టె నిలబెట్టి, నేను అడగకుండానే చెప్పారు. ఆవిడ ఇంట్లోంచి బయలుదేరిన రోజు వాళ్లమ్మ గుమ్మానికి అడ్డంగా పడుకుందట, వెళ్తే నన్ను దాటుకుని వెళ్లు అని. "దాటాను. ఆవిడ పోయేదాకా నాకు ఉత్తరం రాయలేదు. ఇన్నేళ్లయినా గుమ్మం దాటేటప్పుడు కాలు తడబడుతుంది నాకు. అయినా దాటకపోతే నేను బతకలేకపోయేదాన్ని. నీకు అలా ఉందా?"

లేదు. నిజం చెప్పాను.

"అయితే ట్రైనింగుకు వెళ్లు."

"మరి అమ్మ మొక్కు?"

"ఆ తల్లి ఇంకొకరు తెచ్చి ఇచ్చిన పిల్లను తీసుకోదు. ఆ రోజే నాకు తెలుసు. మీ అమ్మకు చెప్పలేదు. ఆవిడ అడిగినప్పుడు చెబుతాను."

మా అమ్మ అడగలేదు. అడిగితే ఏమవుతుందోనని భయం. మా నాన్న ముసలివాడై మంచం మీద నెమ్మదిగా పోయాక కూడా అడగలేదు. అబద్ధమన్నది ఎరగని మనిషి, రోగికి మందు చేదుగా ఉంటుందనీ ముందే చెప్పే మనిషి, మా అమ్మ కోసం ఈ ఒక్కమాట యాభై ఏళ్లు నోట్లో పెట్టుకుని ఉన్నారు. అది ఆవిడకెంత బరువై ఉంటుందో. ఆవిడ సముద్రం దాటడం, ఇక్కడ మలేరియా ప్రబలిన రోజుల్లో సేవ చేయడం గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆవిడ మౌనమే పెద్దదిగా కనిపిస్తుంది.

మధ్యాహ్నం, ఇప్పుడు మేముంటున్న బతు బస్తీ నుంచి కాన్వెంటుకు బస్సులో వెళ్లాం. నేను వద్దన్నా అమ్మ వినలేదు. కాన్వెంటు గుడిలో సిస్టరమ్మ పెట్టె మూత తెరిచే ఉంచారు. జపమాల వేళ్లకు చుట్టి ఉంది, మొహం పనిలోంచి లేచి కాసేపు నడుం వాల్చిన మనిషి మొహంలా ఉంది. మా అమ్మ దండం పెట్టి, నా మణికట్టు పట్టుకుని, నేరుగా ఇప్పుడు కాన్వెంటుకు పెద్దగా ఉన్న మదర్ దగ్గరికి నడిపించింది. ఆవిడ రాంచీ అమ్మాయి, నా కూతురి వయసు.

"ఈ పిల్లని నాను ఆవిడకాడ పెట్టినాను. ఇప్పుడెవులికి ఒప్పసెప్పాల?" అంది అమ్మ.

మదర్‌కు తెలుగు రాదు, అమ్మకు చేపల బేరం హిందీ తప్ప రాదు. నా వైపు చూసింది. నన్ను ఎవరికి ఒప్పచెప్పాలో నేనే హిందీలో చెప్పాల్సి వచ్చింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ పెట్టె పక్కన నిలబడి అబద్ధం రాలేదు. మొదటి నుంచీ అంతా చెప్పాను. మదర్ విని, పెట్టె వైపు ఒకసారి చూసి, నన్నే అడిగింది.

"ఆప్ క్యా చాహతీ హైఁ, దీదీ?"

నాకేం కావాలి? అరవై ఏళ్లలో చదువు అడిగాను, ఉద్యోగం అడిగాను, నచ్చినవాణ్ని చేసుకుంటానని అడిగాను. మా అమ్మను మాత్రం ఎప్పుడూ ఏమీ అడగలేదు. పరాయి సొత్తును పెంచుతున్న మనిషిని ఏం అడుగుతాం?

"అమ్మా," అన్నాను, "ఆ తల్లి నన్ను తీసుకోలేదే. సిస్టరమ్మ నాకెప్పుడో చెప్పారు. నన్ను నువ్వే ఉంచీసుకో."

మా అమ్మ పెట్టెలోని మొహాన్ని చాలాసేపు చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. పెదవులు కదిలాయి, ఏమందో వినపడలేదు. మణికట్టు మాత్రం వదల్లేదు.

సమాధి అయ్యాక కిందికి దిగాం. స్కూళ్లు వదిలే వేళ, ఆటోలు, స్కూటర్లు మీదికి వస్తున్నాయి. రోడ్డు అంచుకు రాగానే అమ్మ ఆగి, నన్ను లోపలి వైపుకు జరిపి, తను బళ్లు వచ్చే వైపున నడవడం మొదలుపెట్టింది.