లంగాట్ ఖడ్గమృగం

ముసలి డ్రైవరు లంగాట్ వైర్‌లెస్‌లో నిజం చెప్పగా మసాయి మారా మైదానంలో విన్నవాళ్ళు లేరు. జంతువు కనబడితే తోటి డ్రైవర్లకు చెప్పాలన్నది సఫారీ బండ్ల కట్టుబాటు. లంగాట్ తప్పకుండా చెప్పేవాడు. కాకపోతే పన్నెండేళ్ళుగా ఒకటే మాట.

"నీటిగుర్రాల మడుగు దగ్గర ఖడ్గమృగం! పరిగెత్తండి!"

పరిగెత్తినవాళ్ళకు నీటిగుర్రాలు ఆవలిస్తూ కనబడేవి. సాయంత్రం టీ దగ్గర నిలదీస్తే, "ఇప్పుడే వెళ్ళిపోయుంటుంది. నువ్వు బండి మరీ నెమ్మదిగా తోలతావు," అనేవాడు, మూడో చెంచా పంచదార వేసుకుంటూ. ఆ ఖడ్గమృగం పుణ్యమా అని తోటి డ్రైవరు వెకేసా బండికి రెండు టైర్లు పేలాయి.

ఆ ఉదయం వెకేసా బండిలో నకూరు నుంచి వచ్చిన రిటైర్డు టీచరమ్మ ఉంది. మధ్యాహ్నం ఆవిడ బస్సు. చీతాను చూడందే బస్సెక్కనని భీష్మించుకుంది. అప్పుడే వైర్‌లెస్ గరగరలాడింది.

"మడుగు దగ్గర ఖడ్గమృగం!"

వెకేసా బుర్ర వెలిగింది. ముసలాయన మడుగు వైపు పొమ్మంటే అసలు సంగతి ఎదురు దిక్కున ఉన్నట్టే! దుమ్ము రేపుకుంటూ గుట్ట దాటాడు.

అక్కడ లంగాట్ బండి ఆగి ఉంది. ఇంజను ఆపమని ముసలాయన కంగారుగా చెయ్యి ఊపాడు. గడ్డిలో చీతా పొంచి ఉంది, డొక్కలు వీపుకంటుకుపోయి. దూరంగా ఒక జింక మేస్తోంది. చెదపుట్ట వెనక మూడు కూనలు.

"అది తిని మూడు రోజులైందిరా," లంగాట్ గొణిగాడు. "వేటాడబోయిన ప్రతిసారీ పది బండ్లొచ్చి జింకను బెదరగొడుతున్నాయి. మొన్నటిదాకా కూనలు నాలుగు."

వెకేసా చటుక్కున ఇంజను ఆపేశాడు. అంతలో వైర్‌లెస్‌లో ఇంకో డ్రైవరు. "వెకేసా! గుట్ట మీద దుమ్ము నీదేనా? ఏదో దొరికినట్టుందే. అందరం అటే వస్తున్నాం!"

జింక తలెత్తింది. చీతా నేలకు కరుచుకుపోయింది.

"ఏదో ఒకటి చెప్పవయ్యా!" టీచరమ్మ అతని భుజం గిల్లింది.

"అబద్ధమా, టీచరమ్మా?"

"ముప్ఫై ఏళ్ళు అబద్ధమాడిన పిల్లల్ని గోడకుర్చీ వేయించాను. ఇవాళ నిజం చెప్పావంటే నిన్ను వేయిస్తా!"

వెకేసా మైకు నోటికి ఆనించుకుని గుసగుసలాడాడు. "ఇక్కడేం లేదు. ఖడ్గమృగం... మడుగు దగ్గర. పరిగెత్తండి."

వెకేసా అబద్ధమాడడని అందరికీ నమ్మకం. దూరాన దుమ్ము మడుగు వైపు మళ్ళింది. జింక మళ్ళీ తల వంచింది. చీతా లేచింది. అంతే, కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది.

కూనలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిన్నాయి. లంగాట్ ఫ్లాస్కు మూత తిప్పుతూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఈ ముసలాయన్ను పన్నెండేళ్ళు తిట్టుకున్నందుకు వెకేసాకు సిగ్గేసింది.

అప్పుడు వైర్‌లెస్ అరిచింది. "ఒరేయ్ వెకేసా! నిజంగానే ఉందిరా! పిల్లతో సహా!"

లంగాట్ చేతిలో టీ ఒలికింది. "ఉందా? నా ఖడ్గమృగమే?" అంటూ బండి ఎక్కి, గతుకులు కూడా చూడకుండా మడుగు దారి పట్టాడు.

అతను చేరేసరికి నీటిగుర్రాలు ఆవలిస్తున్నాయి. డ్రైవర్లందరూ వరసగా నిలబడి ఒకే గొంతుతో అన్నారు.

"ఇప్పుడే వెళ్ళిపోయింది మామా. నువ్వు బండి మరీ నెమ్మదిగా తోలతావు!"