నర్సింలు ఫోనుకు పోయిన మెసేజ్

దయ్యాలను, చేతబడులను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఆ రోజు జరిగిన తప్పు మాత్రం ఏ దయ్యానిదీ కాదు, నాదే. పంపే ముందు ఒక్క మాట సరిచూసుకోలేదు.

నల్లగొండలో చిన్న ఆఫీసు మాది. మర్రిగూడ దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి జనం శుద్ధి చేసిన నీళ్లే తాగుతారు. అవి ఎప్పుడొస్తాయో ఇంటింటి ఫోనుకు మెసేజ్ పంపే ఏర్పాటు మేం చేశాం. దాన్ని టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే నల్ల స్క్రీన్ మీద, పరీక్షించేవాళ్లం. మెసేజ్ ఎవరికి పోవాలన్నది ప్రతిసారీ రాయకుండా కంప్యూటర్ గుర్తుపెట్టుకునే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అనే సెట్టింగ్‌లో ముందే పెట్టేవాళ్లం. అందులో టెస్ట్ అని ఉంటే నా ఒక్కడి ఫోనుకే వస్తుంది. లైవ్ అని ఉంటే ఊరందరికీ పోతుంది.

ఆ మధ్యాహ్నం అందులో ఏముందో చూడకుండానే పరీక్ష కోసం "ఈరోజు నీళ్లు తాగకండి" అని పంపాను. లైవ్ ఉంది. పొద్దున నేనే మార్చి మరిచిపోయాను. మర్రిగూడలో ఆడవాళ్లు నిండు బిందెలు వాకిట్లో పారబోశారు.

ఎవరి పని ఇది అని మా ఆఫీసు సార్ అడిగితే, "పొద్దున నర్సింలు కూసున్నడు సార్ గీ సిస్టం మీద" అన్నాను.

నర్సింలుది కోస్గి. ఆఫీసులో నా పక్క సీటు, కిరాయి గదిలో నా పక్క మంచం.

"అన్నా, నేను ముట్టనే లే. నువ్వన్న జెప్పు" అన్నాడు.

నేను స్క్రీన్ వైపు తిరిగి టైపు చేస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి వాడి ఉద్యోగం పోయింది.

కొన్నాళ్లకు మళ్లీ అదే పరీక్ష చేయాల్సి వచ్చింది. ఈసారి వేరియబుల్‌ను స్క్రీన్ మీద ప్రింట్ చేసి చూశాను. టెస్ట్. నంబరు నాదే. పంపాను. చేరిందని స్క్రీన్ చెప్పింది. నా ఫోను మోగలేదు. కాసేపటికి కోస్గి నుంచి నర్సింలు ఫోన్ చేశాడు.

"నీళ్లు తాగొద్దని నాకెందుకు పంపినవ్?"

"నీకు పంపలేదురా."

"గిది గూడ నేనే మార్చిన్నని జెప్తవా?"

పోతూ పోతూ వాడే సిస్టంలో ఏదో పెట్టి నన్ను మోసం చేశాడని మండిపడ్డాను. ఫైళ్లన్నీ వెతికాను. వాడి నంబరు ఎక్కడా లేదు. కొత్త కంప్యూటర్ తెప్పించి, అన్నీ మొదటి నుంచి నా చేత్తో రాసి పంపాను. మళ్లీ వాడికే పోయింది.

"జర ఆపు అన్నా. మా అమ్మ నిజమనుకొని భయపడతాంది" అన్నాడు.

మరునాడు సార్‌కు నిజం చెప్పాను. మర్రిగూడ పోయి బిందెలు పారబోసుకున్న ఇళ్లలో కూడా చెప్పాను. ఒక అవ్వ అంతా విని, "గిదంతా నాకెందుకు బిడ్డా, గా పిలగానికి జెప్పు" అంది.

కోస్గి పోయి వాళ్లమ్మ ముందే తప్పు ఒప్పుకున్నాను. ఆమె గ్లాసుతో నీళ్లిచ్చింది. నేను పట్టుకుని కూర్చుంటే నర్సింలు అన్నాడు: "తాగు. ఇయ్యాల మెసేజ్ గిట్ల ఏం రాలే."

సార్ రమ్మన్నా వాడు తిరిగి ఉద్యోగానికి రాలేదు. ఆ మెసేజ్‌లు వాడికెలా పోయాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు పరీక్ష చేసే ముందు వేరియబుల్ ప్రింట్ చేస్తాను. పంపాక నర్సింలుకు ఫోన్ చేసి, ఏమన్నా వచ్చిందా అని అడుగుతాను. కొన్నిసార్లు ఎత్తుతాడు.