నోలీన్ చెవి

ఆ లోయలో నోలీన్ కిన్‌కేడ్ చెవికి ఉన్న పేరు ఊళ్లో ఉన్న ఒకే ఒక్క పబ్బుకు కూడా లేదు. ఏప్రిల్ వచ్చిందంటే మగ ఎర్రదుప్పులు మదమెక్కి కొండలు దద్దరిల్లేలా రంకెలు వేస్తాయి. వేటగాళ్లు బోలు కొమ్ము నోటికి పెట్టుకుని అచ్చం అలాగే రంకె వేస్తారు. పోటీకి మరొకటి వచ్చిందనుకుని మగదుప్పి రోషంతో పొదల్లోంచి బయటికి వస్తుంది. వినబడ్డ రంకె దుప్పిదో, కొమ్ము పట్టుకున్న మనిషిదో నోలీన్ కూర్చున్నచోటి నుంచే చెప్పేసేది. ముప్ఫయ్యేళ్లలో ఒక్కసారీ తప్పు చెప్పలేదు. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా ఆవిడే చెప్పేది.

తల్లి లేని పిల్ల. తండ్రి కూలికి దుప్పుల్ని వేటాడేవాడు. కూతుర్ని వెంటేసుకుని నది పొడవునా తిరిగాడు. పెళ్లయితే చేసుకుంది గానీ మొగుడికి పట్నం కావాలి, ఈవిడకు నది కావాలి. పేచీ లేకుండా ఎవరిది వాళ్లు తీసుకున్నారు. అప్పటినుంచీ పైఊళ్ల వాళ్లకు పొద్దున ట్రౌట్ చేపలు, సాయంత్రం వేట చూపిస్తూ దర్జాగా బతుకుతోంది.

ఆ ఏడు డూగల్ అనే పాడిరైతు వచ్చాడు. పొద్దున్నే నోలీన్ ఒడ్డునే నడుస్తూ, అద్దంలాంటి నీళ్లలో రాయి వెనక నిలబడ్డ చేపను చూపించింది. డూగల్ గాలానికి ఈకలతో కట్టిన ఎర ఈగను దాని ముక్కుముందు వాల్చి, పట్టి, మురిసిపోయి, మళ్లీ నీళ్లలో వదిలేశాడు. అయినా అతని మనసు దుప్పి మీదే ఉంది. అతనికి మిగిలింది ఆ ఒక్క సాయంత్రమే.

పొద్దు వాలుతుండగా నోలీన్ కొమ్ము ఎత్తి రంకె వేసింది. అవతలి గట్టు మీద నుంచి బదులొచ్చింది. బొంగురుగా, కడుపులోంచి వచ్చినట్టుంది. మళ్లీ వేసింది. ఈసారి ఇంకా దగ్గర్నుంచి వచ్చింది.

"మనిషేమో?" అన్నాడు డూగల్, గొంతు తగ్గించి.

"మనిషా! నీ మొహం. ముసలి మగదుప్పి అది, మాంచి పొగరు మీదుంది. తుపాకీ తీయి."

నదికి అవతల పొదల్లో గోధుమరంగు మచ్చ కదిలింది. డూగల్ తుపాకీ భుజానికి ఆనించాడు.

"కనబడుతోంది. కాల్చమంటారా?"

కాల్చు అనే మాట నోలీన్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆమెకు రవ్వంత అనుమానం కూడా లేదు. కానీ తండ్రి నేర్పిన పద్ధతి ఒకటుంది: తల, కొమ్ములు, ఒళ్లు అన్నీ కనబడ్డాకే మీట మీద వేలు పెట్టాలి. అది చెవుల్లేనివాళ్ల కోసం పెట్టిన పద్ధతని ఆమె ఎన్నోసార్లు వేళాకోళం చేసింది. అయినా చిన్నప్పటి అలవాటు కొద్దీ చెయ్యి చాచి తుపాకీ గొట్టాన్ని కిందికి నొక్కింది.

"తల కనబడనీ."

"దుప్పేనని మీరే అన్నారుగా! పోతుందండీ!"

"పోతే పోనీ. నోర్మూసుకుని కూర్చో."

మచ్చ పొదల్లోంచి బయటికి వచ్చింది. తల మీద ఉన్ని టోపీ, చేతిలో కొమ్ము, భుజాన తుపాకీ. నోలీన్ పక్కింటాయన, తమాటి. పక్క లోయలో వేటకు వెళ్లినవాడు ఆమె వేసిన రంకె వెంటబడి గట్టు దిగొచ్చాడు. మోకాలి లోతు నీళ్లు దాటి వస్తూనే పగలబడి నవ్వాడు.

"నువ్వటే? ఇంతసేపూ నీ కోసమా నేను పాకుతూ వచ్చింది? ఇన్నేళ్లూ నా రంకె జబ్బుచేసిన ఆవు అరుపన్నావుగా! ఇప్పుడు చెప్పవే. నమ్మావా, లేదా?"

డూగల్ ఆమె వైపే చూస్తున్నాడు. అప్పుడే పోల్చుకున్నానని, అందుకే ఆపానని ఒక్క మాటంటే చాలు, పేరు నిలబడుతుంది. అతను కూడా నమ్ముతాడు. నోలీన్‌కు జీవితంలో ఎప్పుడూ లేనంత భయం ఇప్పుడు పట్టుకుంది.

"నమ్మానురా," అంది. "దుప్పే అనుకున్నాను. ఇతన్ని కాల్చమనబోయాను."

తమాటి నవ్వు ఆగిపోయింది. ఒడ్డున రాయి మీద కూలబడ్డాడు. తుపాకీ తెరిచి, అందులోని తూటా తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"నేనూ నమ్మాను, నోలీన్. ఆ చెట్టు పక్కన నీ కోటు మాత్రమే కనబడింది. గురి కూడా పెట్టాను. మీ నాన్న మాట గుర్తొచ్చి తల కోసం ఆగాను."

డూగల్ తన తుపాకీలోని తూటాలు కూడా తీసేశాడు. నోలీన్ వెళ్లి తమాటి పక్కన కూర్చుని, అతని చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. చీకటి పడుతున్నా ఆమె దాన్ని వదల్లేదు.